పేటీ అంటే పెట్టె కాదు

1984 ఏప్రిల్ 3, మంగళవారం, సాయంత్రం. హిందీ మాట్లాడే ఉక్కు కార్ఖానా ఊరు. కాసిడీహ్‌లో మా పక్క వాటా, ఫోర్‌మన్‌గారి ఇల్లు. హాజరు: ఫోర్‌మన్‌గారు, ఆయన తల్లి, మా కార్ఖానాలో షెడ్ల మరమ్మతు పట్టిన కాంట్రాక్టరు, నా భార్య, నేను. ఇంకొకడు కూడా ఉన్నాడు. ఆ కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సోంపేట వైపు మనిషి, డాబా మీద నిలబడి యాంటెనా తిప్పుతున్నాడు. అతన్ని ఆ రోజు డైరీలో హాజరైనవాళ్లలో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మన దేశపు మనిషి మొదటిసారి అంతరిక్షంలోకి వెళ్తున్న రోజు అది. రాకెట్టు రష్యావాళ్లది. మా వరసలో టీవీ ఉన్న ఇల్లు అదొక్కటే. కలకత్తా నుంచి రావలసిన బొమ్మ వచ్చినంతసేపు వచ్చేది, రానప్పుడు తెర నిండా ఉప్పు చల్లినట్టు ఉండేది.

"వచ్చిందా బావూ?" అని పైనుంచి కేక.

"ఏటి వచ్చేది? ఇంకొంచెం సాక్చి వైపు తిప్పు!" అని కింద నుంచి కాంట్రాక్టరు.

ఆ కేకల మధ్యే ఆయన పకోడీలు నములుతూ వాదన ఎత్తుకున్నాడు. "తిండి లేని దేశానికి ఈ ఆకాశాలెందుకండీ? కూలోడి పేణానికి ఇలువుందా ఇక్కడ? ముందు కిందున్నోణ్ణి సూడాల. సుక్కలు తరవాత."

"ఊరుకోవయ్యా," అన్నారు ఫోర్‌మన్‌గారు. "మనోడు ఎల్తన్నాడంటే ఛాతీ ఉబ్బదేటి నీకు?"

నేను ఉపగ్రహాల సంగతి ఎత్తాను. తుపాను కబురు ముందే తెలిస్తే మన తీరంలో ఎంతమంది బతుకుతారో చెప్పాను.

"బాగుంది స్టోరుబాబుగారూ. మరి దానికి లోపల మనిషెందుకు?" అన్నాడు కాంట్రాక్టరు.

దేశగౌరవం అన్నాను. ఆయన పేదవాళ్ల తరఫున మరింత గొంతు పెంచాడు. మా ముగ్గురి మాటలూ డైరీలో రెండు పేజీలు పట్టాయి. ఇప్పుడు చదువుతుంటే వెగటు పుడుతోంది.

ఇంతలో బొమ్మ నిలిచింది. ముగ్గురు మనుషులు, తెల్లటి దుస్తులు, ఇరుకు గది. యాత్రీలు పేటీ బిగించుకున్నారని టీవీలో వ్యాఖ్యాత హిందీలో చెప్పాడు. ఫోర్‌మన్‌గారి తల్లికి ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉన్నా హిందీ అంతంతే.

"పెట్టి కట్టీసుకున్నాడటర్రా! ఏ యాత్రకో పాపం. అరిసెలు పెట్టారో లేదో."

అందరం నవ్వాం. అప్పటికే డాబా దిగి గుమ్మం దగ్గర నిలబడ్డ సోంపేట మనిషి కూడా నవ్వాడు.

"పెట్టి కాదు మామ్మా. పేటీ అంటే ఇక్కడ బెల్టు. పడిపోకండా కట్టుకుంతారు." ఆ నవ్వు మొహంతోనే కాంట్రాక్టరు వైపు తిరిగాడు. "ఆయనకి ఎన్నిసార్లు బిగించినారో సూడండి బావూ. రేపు మాకూ ఒకటిప్పించండి. ఆ కొస షెడ్డు రేకులు తుప్పట్టిపోయి అడుగేత్తే దిగిపోతన్నాయి."

"ఏట్రా, నువ్వు కూడా సెందురుడి మీదకి ఎల్తన్నావేటి?"

మళ్లీ నవ్వులు. నేనూ నవ్వాను.

"ఎల్లిపోదును బావూ. అక్కడ పడిపోడానికి కింద అనీదే ఉండదంట."

ఈసారి కాంట్రాక్టరు నవ్వలేదు. "నలుగుర్లో అడగడం నేర్చినావు," అన్నాడు మెల్లగా.

బెల్టులు నా దగ్గరే ఉన్నాయి. స్టోర్సులో నా బల్ల వెనక కొక్కేలకు వేలాడుతుండేవి. కొత్తవి, తోలు వాసన పోనివి. పర్మినెంటు మనిషి టోకెను నంబరు మీదే ఇవ్వాలి. కాంట్రాక్టు మనుషుల భారం కాంట్రాక్టరుది. ఆ రూలు నాకు కంఠస్థం. ఆ గదిలో అది అక్షరం పొల్లుపోకుండా తెలిసినవాణ్ణి నేనే. పకోడీ పళ్లెం నా భార్య వైపు జరిపాను.

సరిగ్గా రాకెట్టు కింద మంట కనబడిన క్షణాన బొమ్మ పోయింది.

"ఎక్కరా!" అన్నాడు కాంట్రాక్టరు.

అతను ఎక్కాడు. తెర వెలిగింది. తెల్లటి గీత ఒకటి పైకి పోయింది. మేం చప్పట్లు కొట్టాం. ఫోర్‌మన్‌గారు కళ్లు తుడుచుకున్నారు. రాకెట్టు లేవడం చూడనివాడు ఆ ఇంట్లో అతనొక్కడే.

మర్నాడు అరగంట ముందే, ఏడున్నరకే, స్టోర్సు తెరిచాను. ఒక బెల్టు తీసి, రిజిస్టర్లో నా సొంత టోకెను నంబరు వేసి, కొస షెడ్డు దగ్గరికి వెళ్లాను. కాంట్రాక్టు మనుషుల పని ఏడింటికే మొదలు. రేకుల మీద ఎవరో కొత్త కుర్రవాడు. మా వైపువాడే, కాని తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చాడు. సోంపేట మనిషిని గేటు దగ్గరే పేరు కొట్టేసి వెనక్కి పంపేశారట.

బెల్టు పైకెత్తి చూపించాను. "ఇది కట్టుకో నాయనా, దిగు."

అతను షెడ్డు కింద టీ తాగుతున్న కాంట్రాక్టరు వైపు చూశాడు. "నహీఁ చాచా," అన్నాడు. అది కట్టుకుంటే రేపు తననూ గేటు నుంచే పంపేస్తారని చెప్పి, ఇంకో రేకు మీద కాలు పెట్టాడు.

కాంట్రాక్టరు నన్ను చూసి చెయ్యెత్తాడు. "నిన్న బొమ్మ బాగా వచ్చింది కదండీ స్టోరుబాబుగారూ!"

"వచ్చింది," అన్నాను.

వెనక్కి వచ్చి బెల్టు కొక్కేనికి తగిలించాను. రిజిస్టర్లో నా నంబరు ఎదురుగా 'వాపసు' అని రాసి సంతకం పెట్టాను. ఎనిమిది గంటల సైరను అప్పటికింకా కూయలేదు.