కాణిపాకంలో ప్రమాణం, చంద్రగిరిలో విప్పిన చక్రాలు

పాత బండి కొనుక్కుని చిత్తూరు నుంచి కాణిపాకం మీదుగా తిరుపతి వెళ్ళి, అట్నుంచటే కొండెక్కాలనుకునేవాళ్ళు ఈమధ్య నన్ను దారి గురించి అడుగుతున్నారు. దారి ఇప్పుడు బ్రహ్మాండంగా ఉంది, దాని గురించి నేను చెప్పేదేమీ లేదు. నాకు చెప్పాలని ఉన్నది బండి గురించి. ఎనభైల మొదట్లో ఇదే దారిలో నేను చేసిన ప్రయాణం గురించి.

దానికి కారణం మా మరిది నాగరాజు. చిత్తూరులో ఒక రైసుమిల్లు లారీ తోలేవాడు. ఎన్నాళ్ళని ఒకరి బండి తోలాలని ఆ పని మానేసి, యాత్రికులకు బాడుగకు తిప్పుకుందామని ఒక పాత జీపు బేరం చేశాడు. మొదటి బాడుగ కుదిర్చింది నేనే. తిరుపతి అవతల వడమాలపేటలో ఉండే మా పిన్ని కొడుక్కి తిరుమలలో పెళ్ళి. పెళ్ళికొడుకునీ, ఇంటిల్లిపాదినీ ముందురోజు సాయంత్రం కొండకు చేర్చాలి, మర్నాడు కొత్త కోడలితో సహా కిందికి దింపాలి. బస్సులో పోతామని పిన్ని అంటుంటే, "మన బండి ఉండంగా బస్సు యాల పిన్నీ?" అని గొప్పగా మాటిచ్చేశాను. అంటే నా వాళ్ళందరి ప్రాణాలూ ఆ జీపు మీద పెట్టానన్నమాట.

జీపు అమ్మినాయన పేరు రెడ్డెప్ప. యాభై దాటిన పెద్దమనిషి, మా మామగారికి బాగా తెలిసినవాడు. మా ఇళ్ళల్లో అప్పట్లో బేరం ఎంత నచ్చినా, అమ్మేవాడు కాణిపాకం వచ్చి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తేనే అది తెగినట్టు. అందుకని పెళ్ళికి ముందురోజు తెల్లవారుజామున, రెడ్డెప్ప, నాగరాజు, నేను అదే జీపులో చిత్తూరు నుంచి బయల్దేరాం. అరగంటలో కాణిపాకం చేరాం. రెడ్డెప్ప తలస్నానం చేసి, తడి పంచెతోనే స్వామి ముందు నిలబడ్డాడు. "నాలుగు సక్రాలకూ బ్రేకు సామాను కొత్తది ఏయించినాను సామీ. దీంట్లో అబద్ధం ల్యా" అన్నాడు. ఆయన గొంతు వణకడం చూసి నాకున్న కాస్త అనుమానమూ ఎగిరిపోయింది. బండికి పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఇడ్లీ తిని తిరుపతి దారి పట్టాం. తిరుపతిలో వియ్యంకుణ్ణి చూడాలని రెడ్డెప్ప కూడా మాతోనే వచ్చాడు. ఆ చక్రాల లోపల ఏముందో ఒకసారి చూద్దామని మాలో ఒక్కరికీ తట్టలేదు. ప్రమాణం అయ్యాక ఇంక చూసేదేముంటుంది?

దామలచెరువు దాటాక తోటలోంచి ఒక మామిడికాయల బండి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. నాగరాజు బ్రేకు తొక్కాడు. జీపు ఆగింది, కానీ ఆగే ముందు ఎవరో పట్టి లాగినట్టు కుడివైపుకి తిరిగింది. ఎదురుగా వస్తున్న బస్సు మా ముక్కు పక్కనుంచే పోయింది. డ్రైవరు తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

"రోడ్డు మీద ఇసక వదినా, జారింది" అన్నాడు నాగరాజు.

"ముందర రోడ్డు కాళీగా ఉండాది, ఇసక గూడా ల్యా. ఇంగోసారి తొక్కు" అన్నాను.

తొక్కాడు. మళ్ళీ కుడికే. మూడోసారీ అంతే. వెనక కూర్చున్న రెడ్డెప్ప నొచ్చుకున్నాడు. "దేవుని ముందర ప్రమాణం సేసినా కదమ్మా! ఇంగా అనుమానమేనా?" అన్నాడు. ఆయన మీద నాకు అనుమానం లేదు. కానీ ఆ బస్సు ముఖం నా కళ్ళముందు నుంచి పోలేదు. ఎడ్లబండిలా మెల్లగా నడిపించుకుంటూ చంద్రగిరి చేరేసరికి ఎండ ముదిరింది.

రోడ్డు పక్కనే బాషా అనే మెకానిక్కు షెడ్డు ఉంది. ఆయన మా మాట పూర్తిగా వినకుండానే, "పక్కకి లాగుతా ఉందా? ఎడంపక్క కొంచెం బిగిస్తా, పోండి. దీనికి సక్రాలు విప్పేదేల?" అన్నాడు.

"బిగిస్తే సాలంటే, కొండ దిగేదాకా నువ్వు మా పక్కన కూసుంటావా బాయ్?" అన్నాను.

ఆయన నవ్వి జాకీ తెచ్చుకున్నాడు. ముందర కుడి చక్రం విప్పితే లోపల సామాను తళతళలాడుతోంది. "సూసినారా!" అని రెడ్డెప్ప మీసం తడుముకున్నాడు. ఎడమ చక్రంలోనూ కొత్తదే. "రెండూ కొత్తవే అక్కా, మూసేద్దామా?" అన్నాడు బాషా. నాకు మనసొప్పలేదు. కొత్తవైతే బండి కుడికెందుకు తిరుగుతుంది?

చక్రం లోపల చిన్న సిలిండరు ఒకటి ఉంటుందని నాగరాజు లారీ విప్పినప్పుడు చూశాను. బ్రేకు తొక్కితే దాంట్లోకి నూనె వచ్చి పిస్టన్ను బయటికి తోస్తుంది, అది చక్రాన్ని పట్టి ఆపుతుంది. ఆ పిస్టన్లు రెండూ తీయించి, ఎడమదాన్ని కుడి సిలిండర్లో పెట్టి చూడమన్నాను. పెద్ద డబ్బాకి చిన్న డబ్బా మూత పెట్టినట్టు లోపల గలగలలాడింది. బాషా నవ్వు ఆగిపోయింది.

"రెండూ జీపువి కాదక్కా. కుడిపక్కది ఏదో వ్యానుది, ఎడంపక్కది ఇంగేదో చిన్న బండిది. పట్టింది కదా అని ఏసేసినారు. అది ఎక్కువ తోస్తాది, ఇది తక్కువ తోస్తాది. దిగుడులో గట్టిగా తొక్కితే బండి అడ్డం తిరుగుతాది."

నాకు కోపం నషాళానికంటింది. గిర్రున రెడ్డెప్ప వైపు తిరిగాను. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "కొత్తవి ఏయమన్నా, ఏసినారు తల్లీ. జత అవునో కాదో నేను యాడ సూసినాను? ఇప్పుడు నా ప్రమాణం తప్పినట్టా?" అన్నాడు. ఆయనకి జీపు కంటే అదే పెద్ద భయం. నా కోపం సగం అక్కడే చల్లారింది.

"నీ మాట నిజమే అన్నా. బండి సంగతి సూద్దాం" అన్నాను.

నాగరాజు నన్ను పక్కకి పిలిచాడు. "మెల్లగా పోతాం వదినా. రేపు దిగినాక మారుస్తా. మొదటి బాడుగే పోగొట్టుకుంటే నన్ను ఇంగెవరు పిలుస్తారు?" వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వాళ్ళు బస్సులోనైనా పోతారు నాగరాజూ. ఈ బండి ఇట్లే ఉంటే మాత్రం ఒక్కరినీ ఎక్కనీను. ఇంగా పొద్దుండాది, నువ్వీడనే ఉండు" అన్నాను.

జీపు సిలిండర్ల జత కోసం రెడ్డెప్పా నేనూ తిరుపతి బస్సెక్కాం. రూపాయి చిల్లర టికెట్టు, ముప్పావుగంట నిలబడే ప్రయాణం. మొదటి షాపులో జీపుది ఒక్కటే ఉంది. "ఒక పక్కకి ఇది ఏసుకోండి, రెండోది వారంలో వస్తాది" అన్నాడాయన. దండం పెట్టి బయటికొచ్చాం. రెండో షాపులో జత దొరికింది. నేను నోరు తెరిచేలోపే రెడ్డెప్ప ముందుకొచ్చి, "రెండూ ఇప్పి సూపించు" అన్నాడు.

"కొత్త సామానప్పా, నమ్మకం ల్యాదా?" అన్నాడు షాపాయన.

"కొత్తదే. నమ్మకమూ ఉండాది. అయినా సూడాల."

రెడ్డెప్పే ఒక పిస్టన్ తీసి రెండోదాంట్లో పెట్టాడు, అటుది ఇటూ ఇటుది అటూ. రెండూ బిర్రుగా సరిపోయాయి. వియ్యంకుడి ఊసే ఎత్తకుండా నాతోపాటు తిరుగు బస్సెక్కాడు.

బాషా జత బిగించి, బ్రేకు నూనె గొట్టాల్లో చేరిన గాలి తీసి బండి ఇచ్చేసరికి నాలుగైంది. ఖాళీ రోడ్డు మీద నాగరాజు వేగం పెంచి బ్రేకు తొక్కాడు. జీపు గీత గీసినట్టు నిలబడింది. మళ్ళీ మళ్ళీ తొక్కించాను. పక్కన రెడ్డెప్ప కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన్ని తిరుపతిలో దింపి, దీపాలు పెట్టేవేళకి వడమాలపేట చేరాం. "ఇదేనా నీ మన బండి?" అని పిన్ని కడిగేసింది. నేను అందర్నీ ఎక్కించాను.

మర్నాడు పెళ్ళయ్యాక కొండ దిగుతుంటే, ఒక మలుపులో ముందున్న బస్సు ఆగిపోయింది. నాగరాజు బలంగా తొక్కాడు. జీపు ఉన్నచోటే ఆగింది, జానెడు కూడా పక్కకి పోలేదు. నా భుజం మీద నిద్రపోతున్న కొత్త కోడలు కళ్ళు తెరిచి, "ఏమైంది వదినా?" అంది. "ఏం కాలేదమ్మా, పడుకో" అన్నాను. ఆ 'ఏం కాలేదు' కోసమే ముందురోజు పొద్దంతా తిరిగింది.

కాణిపాకం మీద నాకు అప్పుడూ నమ్మకం ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ రోజు రెడ్డెప్ప అబద్ధం ఆడలేదు. తనకు తెలిసింది నిజంగా చెప్పాడు, తెలియనిది ఆయన మాత్రం ఎలా చెబుతాడు? చూడాల్సింది మేము చూడకుండా, ఆ బరువు కూడా దేవుడి మీద పెట్టాం. ఆ తర్వాత బండి బేరాల్లో ఎవరు ప్రమాణం అడిగినా రెడ్డెప్ప ఒకటే మాట అనేవాడు: "ముందు సక్రాలు ఇప్పి సూడండప్పా. సూసినాక నేను వస్తా."

పాత బండి కొనేవాళ్ళకి నేను చెప్పేదీ అదే. కొత్త సామాను వేయించామంటే అక్కడితో ఆగిపోకండి. ముందువైపు చక్రాలు రెండూ ఒకేసారి విప్పించి, కుడిదీ ఎడమదీ పక్కపక్కన పెట్టి అవి జతో కాదో మీ కళ్ళతో చూసుకోండి. కాణిపాకం ఆ తర్వాత వెళ్ళండి.