బొమ్మలో దొరికిన తొండం

ఆ చిత్రకారిణికి తొంభై దాటాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత రూపాన్నే వదిలేసి రంగును నమ్ముకున్న తరం ఆమెది. న్యూజెర్సీలో ఆమె పెట్టిన గ్యాలరీకి మనుషులు రావడం అరుదు. బొమ్మలో ఏముందని ఎవరడిగినా, "రంగు" అని ఊరుకునేది.

ఒక మిత్రుణ్ణి అక్కడికి తీసుకెళ్లడం నా పొరపాటు. ఎర్రమరకల పెద్ద బొమ్మ ముందు అతను గబగబా షూస్ విప్పేశాడు.

"అన్నా, తొండం చూడు! వినాయకుడే!"

వారం తిరక్కుండా పక్క ఊరు పార్సిప్పనీలోని మనవాళ్లంతా వరుస కట్టారు. వీసాకు కొందరు, గ్రీన్‌కార్డ్‌కు కొందరు మొక్కారు. జీవితకాలపు కళ రప్పించలేని జనాన్ని తొండం రప్పించింది!

గ్యాలరీ అప్పటికే మూతపడే స్థితిలో ఉంది.

"మేడమ్, టెంపుల్‌కి కొంటాం. ఎంతైనా ఓకే" అన్నాడు మిత్రుడు.

"తొండం ఎక్కడ?" అని ఆమె నన్నడిగింది. చూపించాను. నల్లరంగు బ్రష్‌తో దానిమీద అడ్డంగా ఒక్క గీత లాగింది.

"అయ్యో మేడమ్, దేవుణ్ణి చెరిపేశారు!"

"ఇప్పుడు కావాలా?"

అతను వెళ్లి షూస్ తొడుక్కున్నాడు.

నెలలోపే గ్యాలరీ మూసేసింది. దేవుడి శాపమంటారు మనవాళ్లు. బొమ్మను బొమ్మగా కొనేవాడు ఒక్కడూ రాలేదని మాత్రం ఎవరూ అనరు.