ఇసుక మీద నిలిచిన గుడి

మొన్న శుక్రవారం, ఇక్కడ ఖతర్‌లోనే నజ్మాలో గది తీసుకుని ఉండే మా మరిది కొడుకు, అల్ హిలాల్‌లో మా అబ్బాయి ఇంటికి భోజనానికి వచ్చి, విస్తరి ముందు కూర్చుంటూనే ఫోన్ నా ముఖం ముందు పెట్టి మన ఊరి గుడి చూడమని మురిసిపోయాడు. చూసేసరికి కడుపు మండిపోయింది. గుడి చుట్టూ మట్టి కనబడకుండా సిమెంటు పోసి, పైన నున్నటి బండలు పరిచేశారు. ఖతర్‌లో పనిచేసే మా ఊరి పిల్లలంతా కలిసి చేయించారట. అందరినీ కూడగట్టినవాడు వీడేనట.

నా చదువు మూడో తరగతితోనే ఆగింది కానీ, ఆ గుడి సంగతి ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. కాకతీయుల నాటిదని మా మామగారు అనేవారు. రాయి మీద రాయి కూర్చోబెట్టారే తప్ప మధ్యన సున్నమన్నది లేదు. చిత్రిక పట్టినట్టు నునుపు తేలిన నల్లరాతి స్తంభాల్లో మన బొట్టు వంకర పోయిందో లేదో చూసుకోవచ్చు. అంత బరువునూ మోసేది ఉత్త ఇసుక. నిలువు లోతు గొయ్యి తీసి, ఇసుక నింపి, దాని మీద కట్టారని, భూమి కదిలినా ఇసుక సర్దుకుంటుందని, అదే ఎండిపోతే మాత్రం గుడి కుంగుతుందని పెద్దవాళ్ల మాట.

అందుకే ఎండాకాలంలో మా వాడకట్టు ఆడవాళ్లకు వంతులుండేవి. నేను కొత్త కోడలిగా వెళ్లిన ఏడు, చేదబావి నుంచి బిందె తర్వాత బిందె మోసి గోడ వెంట పోస్తుంటే, పంటకు కాదు, పశువుకు కాదు, ఇసుకకు ఇన్ని నీళ్లా అని ప్రాణం ఉసూరుమనేది. బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయనివ్వని మా అత్తగారు అక్కడ మాత్రం ఒక్క బిందె తగ్గినా ఊరుకునేవారు కాదు. "నీకైతే దూపైతది, గుడికి కాదా?" అని కసిరేవారు. తర్వాత తర్వాత నాకే ఆ వంతు ఎప్పుడొస్తుందా అనిపించేది. ఎవరి కోడలు అలిగిందో, ఎవరి బర్రె ఈనిందో ఆ తడి ఇసుక దగ్గరే తెలిసేది.

ఫోన్‌లో బొమ్మ మళ్లీ తిప్పించి చూశాను. మండపంలో దక్షిణం వైపు నేల కుంగి, రెండు రాళ్ల నడుమ వేలు దూరేంత సందు పడింది. నా ఎరుకలో ఎన్నడూ లేనిది.

"వానొస్తే ముసలోళ్లు బురదల జారి పడుతున్నరు పెద్దమ్మా, మంచికే చేసినం," అన్నాడు.

"ఈడ నీ డ్యూటీ ఏందిరా?"

"పైపు వట్టుకొని కాంక్రీటుకు నీళ్లు కొట్టుడు. దినమంతా గదే."

"కంపెనీ గోడకు దినమంతా నీళ్లు తాపి, మనూరి గుడి నోరు మూస్తివి గదరా!"

వాడు కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి, స్పీకరు పెట్టి ఊరి పెద్దకు ఫోన్ చేసి, గోడ వెంట సిమెంటు పగలగొట్టించమని పెద్దమ్మ మాటగా చెప్పాడు. వరసకు నాకు మరిది అయ్యే ఆయన అవతల నుంచి ఇంతెత్తున లేచాడు. "పొయ్యుమన్నది మీరే, పలగ్గొట్టుమన్నది మీరే! దుబాయ్ ఎండకు దిమాక్ ఖరాబైందా వదినా?" ఆయనకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే.

"నా దిమాక్ సంగతి ఎనుక చూద్దాం, ముందుగాల గడ్డపార తియ్యి," అన్నాను.

నాలుగు రోజులు పోరాక గోడ వెంట మూరెడు వెడల్పున పగలగొట్టించారు. ఫోన్‌లో చూపిస్తే, లోపల ఇసుక బూడిదలా తెల్లగా ఎండిపోయి ఉంది. ఊళ్లో ఉన్న మా మరిది కోడలు, వీడి పెళ్లాం, ఆ ఇసుక తడపడానికి మోటరు ఎంతసేపు పెట్టాలని ఫోన్‌లో అడిగింది. మోటరు పెడితే ఆ ఊపుకు ఇసుకే కొట్టుకుపోతుంది, నలుగురు ఆడవాళ్లు బిందెలతో మెల్లగా పోయాలని చెప్పాను. బీడీలు చుట్టుడు ఇడిసిపెట్టి ఎవరొస్తరు అత్తమ్మా అంది. ఆ పిల్లను తిట్టడానికి నోరు రాలేదు. కేకలేసి ఇక్కడి నుంచి సిమెంటయితే పగలగొట్టించగలిగాను గానీ, నలుగురు ఆడవాళ్లను ఒక్కపూట ఒక్కచోటికి చేర్చడం నా వల్ల అయ్యేది కాదు.