తారీఖు లేని రాజీనామా

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా మనుమరాలు పట్టుబట్టి నన్ను తాను పాఠాలు చెప్పే కాలేజీకి తీసుకువెళ్ళి, కొత్త హాలు గోడకు బిగించిన బేతంచెర్ల రాతిపలక ముందు నిలబెట్టింది. పూర్వం అక్కడ పనిచేసిన పెద్దల పేర్లు, వారు చేరిన తారీఖులు, మానిన తారీఖులు వరుసగా చెక్కించి, పైన ‘నమ్మకమైన దాసులు’ అని రాయించారు. మూడో పేరు మా మేనమామది. దాని పక్కనున్న రెండో తారీఖు చదివి పలక కిందే నేలమీద కూర్చుండిపోయాను. ఎండదెబ్బ తగిలిందేమోనని మనుమరాలు కంగారుపడి సోడా తెప్పించింది. ఎండ కాదు తల్లీ అని చెప్పకుండా సోడా తాగేశాను గనుక ఇక్కడ చెప్పుకుంటున్నాను. దొరల కాలంలో బతికిన నా ఈడువాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

మాది కోయిలకుంట్ల పక్కన జొన్నచేల పల్లె. మా అమ్మకు అన్న అయిన మామ మిషన్ బోర్డింగులో చదువుకొని, ఆ కాలేజీలోనే లెక్కల ఉపాధ్యాయుడై, మా నాయన పోయాక నన్ను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. నాకు పలక మీద అంకెలు దిద్దించింది ఆయనే. ఏడంకె నడుముకు అడ్డగీత గీయకపోతే ఒప్పుకునేవాడు కాదు. తొందరలో చూసేవాడు దాన్ని ఒకటనుకుంటే ఆ పాపం రాసినవాడిదే అనేవాడు. అబద్ధమంటే ఆయనకెంత రోత అంటే, గిట్టనివాళ్ళు వచ్చినప్పుడు ఇంట్లో లేడని చెప్పి పంపడం కూడా మాకు కుదిరేది కాదు. "ఈయప్ప నిజంతో మేము యాడ బతికేది" అని అత్త విసుక్కునేది. నా చదువయ్యాక కాలేజీ ఆఫీసులో గుమాస్తా పని ఇప్పించింది కూడా మామే. పెళ్ళయ్యాక కూడా మేమిద్దరం కాలేజీ ఆయనకిచ్చిన మిషన్ కాంపౌండు ఇంట్లోనే వెనక గదిలో కాపురముండేవాళ్ళం.

ఆ కాలేజీలో ఒక ఆచారముండేది. పనిలో చేరే రోజునే ప్రతివాడూ తన చేత్తో రాజీనామా రాసి, సంతకం పెట్టి, తారీఖు చోటు మాత్రం ఖాళీగా వదిలి మేనేజరు దొరగారి చేతిలో పెట్టాలి. అవన్నీ ఆయన బల్ల సొరుగులో ఉండేవి. పెళ్ళినాడే విడాకుల కాగితం రాయించుకున్నట్టన్నమాట! అయినా అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు, ఎందుకంటే రాయించుకునే ముందు దొరగారు కళ్ళు మూసుకొని చక్కగా ప్రార్థన చేసేవారు, మేము ఆమెన్ అని రాసిచ్చేవాళ్ళం. దేవుని పనిలో అనుమానాలేమిటని మామ కూడా రాసిచ్చాడు.

కాలేజీని నడిపే కౌన్సిలులో అందరూ దొరలే. క్రైస్తవుడై ఉండి కూతురి పెళ్ళికి పాత ఆచారంలో మేళం పెట్టించాడని ఒక ముసలి ఉపాధ్యాయుడి కాగితానికి ఆ కౌన్సిలు తారీఖు వేయించి, ఏమయ్యా అని ఒక్క మాటైనా అడగకుండా పంపేసింది. అప్పుడు గాని మామకు కళ్ళు తెరుచుకోలేదు. విచారణ లేకుండా ఎవరినీ తీయకూడదనీ, కౌన్సిలులో ఉపాధ్యాయులకు ఒక్క కుర్చీ ఇవ్వాలనీ అర్జీ రాస్తే, ఉపాధ్యాయులందరూ సంతకాలు చేశారు. దొరగారు ఒక్కొక్కరినే పిలిచి, పక్కన మోకరింపజేసి ప్రార్థించి పంపేసరికి అర్జీలో మామ సంతకం ఒక్కటే మిగిలింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడని కాంపౌండంతా ఆయన్నే ఆడిపోసుకుంది.

ఆ మరుసటి వారం దొరగారు నన్ను పిలిచి, సొరుగు లాగి, మామ కాగితం నా ముందు పెట్టారు. ఆయన తెలుగు మన తెలుగుకంటే శుద్ధంగా ఉండేది. "నేటి తేదీ వేయుము" అన్నారు, అంతే. సొరుగు మూయలేదు. అందులో పైనే నా కాగితం కనబడుతోంది. నా భార్యకు నెలలు నిండాయి. అది ఏడో తారీఖు. కలం సిరాలో ముంచి వేశాను, అడ్డగీతతో సహా. ఎందుకండీ అని ఒక్క మాట అడిగి ఉంటే ఏమయ్యేదో నాకిప్పటికీ తెలియదు, అడగలేదు గనుక.

మామ ఊరుకోలేదు, దావా వేశాడు. తారీఖు వేరే చేతిదని వకీలు సాయిబు ఇట్టే పట్టేశాడు. అది ఎవరిదో తేలి ఆ మనిషిని బోనెక్కిస్తే కేసు మనదేనన్నాడు. వాయిదా రోజు కాలేజీ దస్తావేజులు మోసుకొని నేనూ కోర్టుకు పోయాను. మామ బైబిలు మీద చెయ్యిపెట్టి ప్రమాణం చేశాడు. ఈ తారీఖు ఎవరి రాతో ఎరుగుదువా అని సాయిబు కాగితం చూపించాడు. మామ దానివైపు చాలాసేపు చూసి, తర్వాత బెంచీ మీదున్న నావైపు చూశాడు.

"నాకు తెలీదు సామీ" అన్నాడు.

నేనెరిగినంతలో ఆయన ఆడిన అబద్ధం అదొక్కటే. రాత నీదే, సంతకం నీదే, తారీఖు ఎవరు వేసిందీ చూపలేకపోయావని కోర్టు దావా కొట్టేసింది. మామ పని పోయింది, ఇల్లు పోయింది. సామాను బండికెత్తుతుంటే నేను పెట్టె పట్టుకున్నాను. మామ నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడంకె ఇంకా అట్లే రాస్తాండావు గదప్పా" అన్నాడు. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు, స్వరాజ్యం చూడనే లేదు. అత్త చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు. నేనా, ఆ గుమాస్తా పనిలోనే తల నెరిసి, పూలదండతో దిగాను.

ఇప్పుడా సొరుగులు లేవు. దొరలు వెళ్ళిపోయారు, కౌన్సిలులో అందరూ మనవాళ్ళే. మేనేజ్‌మెంటు ఒక మెమో ఇస్తే చాలు, ఉపాధ్యాయుల సంఘం వాళ్ళు వచ్చి కూర్చుంటారు, చట్టముంది తాతా అని మనుమరాలు నవ్వుతుంది. మంచిదే. మామ ఒంటరిగా అడిగింది ఇప్పుడు ఈ పిల్లకు అడగకుండానే దొరికింది, ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు.

పలక చెక్కినవాడు ఏడంకెకు అడ్డగీత పెట్టలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి చూస్తే అది ఒకటిలాగే ఉంది. మామ ఉంటే ఊరుకునేవాడు కాదు. గీత చెక్కించండి అని కాలేజీకి ఒక కార్డు ముక్క రాద్దామని ఈ వారమంతా అనుకుంటున్నాను. రాస్తే, ఆ రోజు ఏడో తారీఖేనని నీకెట్లా తెలుసని అడుగుతారు. కార్డు ఇంకా ఖాళీగానే ఉంది.