మల్లయ్య ఆపనివ్వని బజర్

రిటైర్‌మెంటుకు కొద్ది ఏళ్ల ముందు, ఒక ఎండాకాలంలో, కరీంనగర్ ఆఫీసు నుంచి నన్ను శ్రీరాంపూర్ వైపు ఒక బొగ్గుగనికి సీనియర్ ప్రోగ్రామర్‌గా వేశారు. పని ల్యాంప్ రూములో. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే లైటు ఒకటి ఉంటుంది. దాని మీద అతని నంబరు, సర్వీసంతా అదే. షిఫ్టు అయిపోయాక లైటు స్టాండుకు రాకపోతే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క.

నేను రాసిన ప్రోగ్రాములో ప్రతి లైటూ ఒక ఆబ్జెక్టు. అన్నింటికీ కలిపి ఒకటే టైమర్. సమయం కాగానే ఏ ఫంక్షన్‌ను పిలవాలో టైమర్‌కు అప్పగించేది డెలిగేట్. అలా ఒక్కో లైటుకు తగిలించిన ఫంక్షన్‌ను హ్యాండ్లర్ అంటాం. ఒకసారి అప్పగించాక టైమర్ మంచీచెడూ అడగదు, మనం తీసేసేదాకా పిలుస్తూనే ఉంటుంది. రాని లైటు నంబరు తెరమీద ఎర్రబడి బజర్ మోగుతుంది. బాగా రాశానని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకరోజు మొదటి షిఫ్టులో, పైకప్పుకు ఆధారాలు పెట్టే రాజేశం గుండె ఆగి లోపలే చనిపోయాడు. మనిషిని స్ట్రెచర్ మీద పైకి తెచ్చారు. ఆ హడావిడిలో లైటు కిందే ఉండిపోయింది.

దహనమైన మరునాడూ బజర్ మోగుతూనే ఉంది. గని మేనేజర్ విసుక్కుని టైమర్ ఆపేయమన్నారు. ఆపితే మిగతావాళ్ల లైట్లకు కాపలా ఉండదని, కుదరదని ఖరాఖండిగా చెప్పాను. రాజేశం లైటు హ్యాండ్లర్ ఒక్కటి తీసేస్తే చాలు. ఒక్క లైను పని. కీబోర్డు ముందు కూర్చున్నాను.

ల్యాంప్ రూము మల్లయ్య వచ్చి అడ్డం నిలబడ్డాడు. రాజేశం పక్క క్వార్టర్‌వాడు, ఇన్నేళ్లూ అతనికి లైటిచ్చి తీసుకున్నవాడు. శవం దగ్గర కూడా ఏడవలేదని కాలనీలో అనుకుంటున్నారు.

"జర ఆగుండ్రి సార్. గా లైటు నేనే ఇచ్చిన, ఇంక నా చేతికి రాలే. రానిది వచ్చిందని ఎట్ల అంటం?"

వచ్చిందనడం కాదు, పిలవడం మానేయడమని వివరించబోయాను.

"గిది గూడ ఆపితే ఇగ రాజేశాన్ని ఎవలు పిలుస్తరు సార్?"

కీబోర్డు పక్కకు నెట్టాను. సాయంత్రందాకా ఆగుదామని మేనేజర్‌కు చెప్పి చీవాట్లు తిన్నాను.

సాయంత్రం రాజేశం తోటివాళ్లు లైటు వెతికి తెచ్చారు. మల్లయ్య దాన్ని తన అంగీతో తుడిచి స్టాండులో పెట్టాడు. ఆ తర్వాత బజర్ మోగలేదు. అప్పుడు కూలబడిపోయి గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు మల్లయ్య. నేనూ ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

ఇక ఆ లైటు గనిలోకి దిగదు కనుక మరునాడు ఆ హ్యాండ్లర్ తీసేశాను. హ్యాండ్లర్‌ను తగిలించేటప్పుడే దాన్ని ఎప్పుడు తీయాలో, ఎవరి మాట మీద తీయాలో తేల్చుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ గనికి ఆ ప్రోగ్రాము పెట్టినా, లైటును లెక్కలోంచి తీసే అనుమతి ల్యాంప్ రూముకే ఇచ్చాను, మేనేజర్‌కు ఇవ్వలేదు.