బంధువులకు మాత్రమే

పోయిన గురువారం మా పక్కింటాయన కన్నుమూశారు. ఆ సంగతి మర్నాడు పోస్టు తెచ్చే మనిషి చెబితే తెలిసింది. ఆసుపత్రివాళ్లు బంధువులకే ఫోన్ చేస్తారు. మేం బంధువులం కామని వాళ్లకి చెప్పింది నేనే.

ఆయన పాట మీలో ఎవరూ విని ఉండరు. టెక్సస్‌లో ఈ ప్లేనో ఊళ్లో పత్తి చేల మధ్య కొత్త ఇళ్లు లేస్తున్నప్పుడు వచ్చినవాళ్లం, మేమూ అప్పటికి వినలేదు. ముప్పై ఏళ్ల కిందట ఆయన టెక్సస్ అంతా తెలిసిన కంట్రీ అనే ఇక్కడి పల్లెపాటల గాయకుడట. శనివారాలు రేడియోలో పాడేవారు. మిగతా రోజులు అయిదుగురు వాయిద్యగాళ్లతో పాత బస్సులో ఊరూరా తిరిగేవారు. రెండు రికార్డులు బాగా అమ్ముడుపోయాయి. తర్వాత కుర్రకారు కొత్త సంగీతం వైపు మళ్లింది, రేడియోవాళ్లు పిలవడం మానేశారు. ఆయన స్కూల్ బస్సు నడిపి రిటైరయ్యారు. భార్య ఎప్పుడో వెళ్లిపోయింది. పిల్లలు లేరు.

సాయంత్రాలు వరండాలో కూర్చుని గిటారు శ్రుతి చేసుకునేవారు. శ్రుతి కుదిరాక పాడతారని చూసేదాన్ని. చాలాసార్లు కుదరగానే లేచి లోపలికి వెళ్లిపోయేవారు. ఎప్పుడో ఒకటి రెండు పాడేవారు.

"మీ పాటల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు వెళ్లిపోతూ ఉంటారేమిటి?" అని అడిగాను ఒకసారి.

"ఉండిపోతే మూడు నిమిషాలు ఏం పాడను, మేడమ్?" అన్నారు నవ్వుతూ.

ఇంకోసారి మాత్రం నవ్వలేదు. "ఒంటరితనం మీద నేను కట్టినవన్నీ కిక్కిరిసిన బస్సులో కట్టినవే. ఇప్పుడు ఇల్లంతా నాదే. ఒక్కటీ రావడం లేదు." ఇంటికెళ్లి పులిహోర తెచ్చిపెట్టాను. అదొక జవాబేనా అని ఇప్పటికీ అనుమానమే.

మా అమ్మాయి మొదటిసారి "అంకుల్" అన్నప్పుడు ఇంకెవరినో అనుకుని ఆయన వెనక్కి తిరిగి చూశారు. పెద్దవాళ్లని మేం అలాగే పిలుస్తామని చెప్పాను. ఆ ఏడు దాని పుట్టినరోజు కార్డు మీద పేరుకు బదులు "అంకుల్" అని సంతకం చేశారు.

ఆయనకి గుండెపోటు వచ్చిందని తెలిసి, ఆదివారం చర్చి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లాం. ఆ వార్డులోకి బంధువులనే పంపుతారు. "ఆయనకి మీరేమవుతారు?" అంది నర్సు. నేను నోరు తెరిచేలోపే మా అమ్మాయి, "మా అంకుల్" అంది. నర్సు తలుపు తీయబోయింది.

"నిజంగా అంకుల్ కాదండీ, పక్కింటివాళ్లం" అన్నాను.

తలుపు తెరుచుకోలేదు.

కార్‌లో మా అమ్మాయి ఒకటే ఏడుపు. "అంకుల్ అనాలి అని నువ్వే టీచ్ చేశావ్! నర్స్‌కి ఎందుకు కాదు అన్నావ్?"

చర్చి నుంచి వస్తూ అబద్ధమాడతామా అనబోయి ఆగాను. తెలుగులో అది అబద్ధం కాదు. మా అమ్మాయికి అంకుల్ అయితే నాకు అన్నయ్యే. ఆ మాట ఒక్కసారీ అనలేదు నేను.

తర్వాత నాలుగు రోజులు బతికారు. మళ్లీ వెళ్లి అడిగే వీలుండేది. ఒకసారి కాదన్నదాన్ని అవునని ఎలా అనడం అనుకుంటూ ఇంట్లో కూర్చున్నాను.

సోమవారం అంత్యక్రియలకి పదిమందిమి వచ్చాం. కుటుంబానికని ముందు వరస కుర్చీలకు అడ్డంగా తెల్ల రిబ్బన్ కట్టారు. అటు ఎవరూ వెళ్లలేదు. మా అమ్మాయి నా చెయ్యి వదిలించుకుని, రిబ్బన్ కిందనుంచి దూరి, నడిమి కుర్చీ ఎక్కి కూర్చుంది. వరసంతా ఖాళీ. దాని కాళ్లు నేలకి అందడం లేదు.