స్పీకరు వెనక దాచిన పాటలు

సెక్టర్ ఆరులో అందరూ కులాసాయేనా? నందిని గనుల దగ్గరున్నవాళ్లకు ఆ సున్నపురాయి దుమ్ముతో వచ్చే దగ్గు తగ్గిందా? దుర్గ్ స్టేషను దగ్గరుండే మా పిన్ని మోకాళ్లు ఎలా ఉన్నాయి? చలి మొదలైంది, పిల్లల చెవులు కప్పండి. ఇవన్నీ అడిగాక చెప్పవలసిన మాట ఒకటుంది. మా మరిది పోయాడు. దసరా వెళ్లిన నాలుగో రోజు పొద్దున్న, షిఫ్టుకు సైకిలు తీస్తూ గుమ్మం దగ్గర కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. చాలామందికి ఇంకా తెలియదని, మన తెలుగు సంఘం పత్రికకు నాలుగు ముక్కలు రాయమన్నారు.

మీరు అతన్ని సంఘం స్టేజీ మీద హార్మోనియం ముందు చూసి ఉంటారు. నేను చూసింది మా ముందుగదిలో. అతని క్వార్టరు మా వీధిలోనే, కానీ పిల్లల చదువులు పాడవుతాయని మా తోటికోడలు ఆ గోల ఇంట్లో ఒప్పుకోలేదు. దాంతో హార్మోనియం, పెద్ద స్పీకరు పెట్టె, ఆ తరవాత కంప్యూటర్లు, అన్నీ మా ఇంటికే వచ్చాయి. వాటితోపాటు ఇద్దరు స్నేహితులు. ఒకరు తబలా భయ్యా, ఉక్కు ప్లాంటులో మా మరిదితో పాటు ఎలక్ట్రికల్ షాపులో పని, ఇక్కడి ఛత్తీస్‌గఢ్ మనిషే. రెండో ఆయన మా విజయనగరం వైపువాడు, నందిని గనుల్లో ఉద్యోగం, పిల్లనగ్రోవి వాయిస్తాడు.

ఊళ్లో కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, చెడితే బాగుచేసేవాళ్లు తక్కువ. వీళ్లు విప్పి, దుమ్ము ఊది, ఏదో మార్చి, స్విచ్చి వేసేవారు. అది లోపల తనను తాను తనిఖీ చేసుకుంటున్నంతసేపూ ఒక పాట అందుకునేవారు. పాట అయిపోయినా దాని తనిఖీ కాకపోతే ఇంకో పాట. నేను వంటింటి గుమ్మంలో కూర్చుని, షాకు కొడుతుంది, రబ్బరు చెప్పులు వేసుకోండి అని పోరుతూ ఉండేదాన్ని.

ప్రతిసారీ పెట్టె విప్పేముందు మా మరిది కిటికీ ఊచను ఒకసారి పట్టుకునేవాడు.

"ఏటి బాబూ, కంప్యూటరుకి మొక్కుతున్నావా?" అన్నాను.

"మొక్కు కాదొదినా. ఒంట్లో ఉన్న కరెంటు ఇనుములోకి దిగిపోవాల. నేకపోతే లోపల సామాను పాడయిపోద్ది."

"ఒంట్లో కరెంటా? డాక్టరుకి సూపించుకోరాదా?"

తబలా భయ్యాకు పిల్లనగ్రోవి ఆయన హిందీలో చెప్తే, అతను తబలా మీద తల పెట్టుకుని నవ్వాడు. నాకు మాత్రం భయం పోలేదు. ఆ గదిలోకి వెళ్లేముందు నేనూ ఆ ఊచ పట్టుకోవడం మొదలుపెట్టాను.

మా అత్తగారు పాడిన పాటలు, నాట్లవి, పెళ్లివి, ఊయలవి, ఆవిడ పోయాక నాకు తప్ప ఎవరికీ రావు. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు తెలుగు చదవడం రాదు. అందుకని మా మరిది నాచేత పాడించుకుని, ఆ మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కంప్యూటరులోకి ఎక్కించి, నల్లటి బిళ్లల్లో దాచేవాడు. ఫ్లాపీలు అనేవారు వాటిని.

ఒక వానాకాలం మా కప్పు కారింది. మరిది డ్యూటీలో ఉన్నాడు. బిళ్లలు తడిసిపోతాయని గబగబా ఒళ్లో పోగుచేసుకున్నాను. ఇల్లంతా వెతికి, అన్నిటికంటే పొడిగా ఉన్న చోటు చూసి పెట్టాను. స్పీకరు పెట్టె వెనక, లోపలి గుండ్రటి ఇనుపముక్కకు ఆనించి. చీమలు కూడా రావు అక్కడికి. అతను వచ్చాక ఆ సంగతి గర్వంగా చెప్పాను. బిళ్లలు తీసుకుని, మంచిపని చేశావొదినా, అన్నాడు.

ఆ తరవాత అతనికి మతిమరుపు వచ్చిందనుకున్నాను. రాసుకున్న పాటే మళ్లీ పాడమనేవాడు. ఇది పోయినేడే రాసుకున్నావు కదా అంటే, "గుర్తు నేదొదినా, ఇంకోసారి పాడు," అనేవాడు. ఈ వయసుకే ఇలాగైతే ఎలా అని దిగులు పడి, రోజూ నాలుగు బాదంపప్పులు నానబెట్టి, తొక్క తీసి, నా ఎదురుగా తినిపించాను. నములుతూనే ముందుగదిలోకి వెళ్లిపోయేవాడు.

అతను పోయిన పదో రోజు భోజనాలయ్యాక స్నేహితులిద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. మాటల్లో నేను ఆ వాన సంగతి ఎత్తి, ఆ రోజు నేను దాచబట్టి పాటలు దక్కాయి అన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి నందిని ఆయన మెల్లగా చెప్పాడు. స్పీకరు వెనక ఉండేది పెద్ద అయస్కాంతమట. బిళ్లల మీద రాసిందంతా అది తుడిచేసిందట. ఒక్క పాట మిగల్లేదు.

"మా వదినకి సెప్పకండని మాచేత ఒట్టేయించుకున్నాడండి. తెలిస్తే నెల్లాళ్లు ముద్ద దిగదు ఆవిడికి అన్నాడు."

బాదంపప్పుల సంగతీ వాళ్లకు తెలుసు. జేబులో రెండు దాచుకుని వచ్చి తబలా భయ్యాకు పెట్టేవాడట. భయ్యా కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. తప్పయిపోయింది బాబూ అని చెప్పడానికి మనిషి లేడు.

కంప్యూటరు తెరిచి చూశారు. అతను నాచేత మళ్లీ పాడించుకుని ఎక్కించినవాటిలో మూడు పాటలు లేవు. అవి ఇప్పుడు నా ఒక్కదాని నోట్లోనే ఉన్నాయి. అంట్లు తోముతూ పాడుకుంటున్నాను. ఊయలపాటలో ఒక చరణం ఒకరోజు వస్తుంది, ఒకరోజు రాదు. నేనూ అలాగే గుమ్మంలో కూలబడిపోతే ఏమిటి గతి అని భయం. అందుకే ఆ మూడూ ఎక్కించుకోవడానికి తొందరగా రమ్మని వాళ్లిద్దరినీ అడిగాను.

స్పీకరును వెనక వరండాలోకి జరిపించేశాను. ముందుగదిలో కిటికీ ఊచకు ఒకచోట ఆకుపచ్చ రంగంతా పోయి, ఇనుము మెరుస్తోంది. పాడే ముందు దాన్ని పట్టుకుంటాను. ఒంట్లో భయం కూడా దిగుతుందేమో చూడాలి. బాదంపప్పులు ఈసారి నాకే నానబెట్టుకుంటాను. కార్తీక పౌర్ణమి వెళ్లాక వచ్చే ఆదివారం, పొద్దున్న పది గంటలకు వస్తామన్నారు.